మందుల బ్యాగు నుంచి సుద్దముక్క దాకా: మెడికల్ రెప్ ఉద్యోగం వదిలి బడి పంతులుగా మారిన నా అనుభవం

బీఎస్సీ బీజెడ్‌సీ చదివి, మందుల కంపెనీలో మెడికల్ రెప్‌గా చేరి, పెళ్లీ పిల్లలూ అయ్యాక బీఈడీలో చేరి, చివరికి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పే దాకా వచ్చాను. మా ఫీల్డులో చాలామంది మనసులో ఈ కోరిక ఉంటుంది. నెలాఖరు టార్గెట్ పూర్తవని రోజున ఇది మరీ గట్టిగా తోస్తుంది. కానీ ఆ రోజు తోచిన ఆలోచనతో రాజీనామా మెయిల్ పంపకండి. ఏ పని ఏ వరుసలో చేయాలి, ఎక్కడ డబ్బు పోతుంది, ఎక్కడ కాగితం అడ్డుపడుతుంది అన్నది ఇక్కడ రాస్తున్నాను.

దేవుడి మీద నాకు నమ్మకం ఉంది. రోజూ పొద్దున్నే దీపం పెట్టి హనుమాన్ చాలీసా చదివాకే పుస్తకం తీస్తాను. ఉద్యోగం మారే రోజుల్లో ఆ నమ్మకమే నన్ను నిలబెట్టింది. అయితే దాన్ని ఎక్కడ వాడాలో ముందే తేల్చుకున్నాను. ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు నా చేతిలో ఉన్నవన్నీ రాశాను: పొదుపు, బీమా, సర్టిఫికెట్లు, చదువు, ఇంట్లోవాళ్లకు చెప్పడం. కుడివైపు రాసినవి మూడే: నోటిఫికేషన్ తేదీ, నా సబ్జెక్టులో పోస్టుల సంఖ్య, ఫలితం. ఆ మూడింటి భారం స్వామి మీద వేశాను. ఎడమవైపున్న పని ఒక్కటి కూడా కుడివైపుకి జరగనివ్వలేదు. చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకోవడం, కోరిక తీరాక 108 చేయడం మన దగ్గర ఆనవాయితీ. మొక్కు నేనూ మొక్కుకున్నాను. కానీ ప్రదక్షిణలకు వెళ్లే ముందే టర్మ్ పాలసీ (మనం పోతే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా) ఫారం నింపి పంపాను.

ముందు కుడివైపు సంగతే చెబుతాను. తెలంగాణలో 2017లో టీఆర్‌టీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష, మనం డీఎస్సీ అనేది) నోటిఫికేషన్ వచ్చింది. తర్వాతి నియామక పరీక్ష జరిగింది 2024 జులై, ఆగస్టులో. మధ్యలో 2023 సెప్టెంబరులో 5,089 పోస్టులకు ఒక నోటిఫికేషన్ వచ్చినా దాన్ని రద్దు చేసి, 2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులతో కొత్తది ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే కథ. 2018 తర్వాత 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చి ఆగిపోయింది. 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. అంటే రెండు డీఎస్సీల మధ్య ఏడేళ్లు గడిచిన రోజులున్నాయి. మళ్లీ అంత ఎడం వస్తుందని కాదు, రాదని ఎవరూ రాసివ్వలేరు. అందుకే డీఎస్సీ వచ్చే దాకా పొదుపు మీద బతుకుదామనుకునే లెక్క నిలబడదు. పొదుపు బీఈడీ రెండేళ్లకు సరిపోవాలి. కోర్సు అయిన వెంటనే ఏదో ఒక ప్రైవేటు బడిలో చేరిపోవాలి. డీఎస్సీ ఎప్పుడొస్తే అప్పుడు రాయాలి. ఈ లెక్క వేసుకున్నాకే నాకు నిద్ర పట్టింది.

వయసు దాటిపోయిందని బెంగ పడేవాళ్లకు ఒక మాట. 2024 తెలంగాణ డీఎస్సీలో గరిష్ఠ వయసు 46 ఏళ్లు, 2025 ఆంధ్రా డీఎస్సీలో 44 ఏళ్లు. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు ఇంకో అయిదేళ్ల సడలింపు. ముప్పై అయిదేళ్ల మనిషికి తలుపులు మూసుకుపోలేదు. కేంద్రీయ విద్యాలయాల్లాంటి చోట్ల మాత్రం వయసు పరిమితి ఇంతకన్నా తక్కువ, అది విడిగా చూసుకోవాలి.

ఇక ఏ కోర్సు అన్న ప్రశ్న. బీఈడీ చేస్తే ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) పోస్టుకు అర్హత లేదు. ఒకటి నుంచి అయిదు తరగతులు చెప్పడానికి డీఎడ్ (ప్రాథమిక ఉపాధ్యాయ డిప్లొమా) ఉండాల్సిందేనని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇది తెలియక బీఈడీలో చేరి, తర్వాత ఎస్జీటీకి దరఖాస్తు చేయబోయేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తున్నారు. 2024 తెలంగాణ డీఎస్సీలో ఎస్జీటీ పోస్టులు 6,508 ఉంటే, స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్లో సబ్జెక్టు టీచరు) పోస్టులు 2,629. ఆ 2,629 కూడా సబ్జెక్టుల వారీగా, మీడియం వారీగా, జిల్లాల వారీగా చీలిపోతాయి. ఒక్కో జిల్లాలో జీవశాస్త్రానికి మిగిలేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఆంధ్రాలో 2025లో స్కూల్ అసిస్టెంట్లవే ఎక్కువ: 7,725. ఎస్జీటీలు 6,371. చిన్నపిల్లలకు చెప్పడం ఇష్టమైతే డీఎడ్ కూడా మంచి దారే, అదీ రెండేళ్లే. నాకు హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పాలని ఉంది కాబట్టి బీఈడీ తీసుకున్నాను. జీతం కూడా చూసుకోండి. ప్రస్తుత స్కేళ్లలో స్కూల్ అసిస్టెంట్ మూల వేతనం తెలంగాణలో 42,300 నుంచి, ఆంధ్రాలో 44,570 నుంచి మొదలవుతుంది. ఎస్జీటీకి వరసగా 31,040, 32,670. ఇన్సెంటివ్‌లు కలుపుకుని బాగా సంపాదిస్తున్న రెప్‌కి ఇది తగ్గుదలే కావచ్చు. ఆ సంగతి ముందే ఒప్పుకుని రావాలి.

ఉద్యోగంలో ఉండగానే, అంటే జీతం స్లిప్పు చేతికి వస్తుండగానే చేసుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. మానేశాక అవి చేయలేం, చేసినా రెట్టింపు కష్టం.

మొదటిది టర్మ్ ఇన్సూరెన్స్. కంపెనీలు ఆదాయ రుజువు అడుగుతాయి: పే స్లిప్పులు, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంటు. బీఈడీ విద్యార్థి దగ్గర ఇవేవీ ఉండవు. రెండోది ఆరోగ్య బీమా. కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీ ఆఖరి పనిదినంతో ముగుస్తుంది. విడిగా కుటుంబ పాలసీ తీసుకుంటే మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప క్లెయిము రాదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల వరకు ఆగాలని పాలసీ పెట్టవచ్చు. కాబట్టి ఉద్యోగంలో ఉండగానే పాలసీ తీసుకుంటే ఆ గడువు జీతం వచ్చే నెలల్లోనే కరగడం మొదలవుతుంది. గ్రూప్ పాలసీ ఇచ్చిన బీమా కంపెనీలోనే వ్యక్తిగత పాలసీకి మారితే, గడిచిన వెయిటింగ్ కాలానికి క్రెడిట్ అడగవచ్చు. అయితే ఇది పాలసీ బతికి ఉండగానే రాతపూర్వకంగా అడగాలి. హెచ్ఆర్‌ని ఫోన్లో అడిగి ఊరుకుంటే పని జరగదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు, ఆ మేరకు భారం తగ్గింది.

మూడోది అప్పులు. పర్సనల్ లోన్, క్రెడిట్ కార్డు బకాయి ఉంటే వాటిని తీర్చడం పూర్తయ్యే దాకా రాజీనామా తేదీ వెనక్కి జరపండి. ఇప్పుడు స్లిప్పు ఉంది కదా అని చదువు ఖర్చుకు పర్సనల్ లోన్ తీసుకోవడం చాలామంది చేసే పనే. ఈఎంఐ మాత్రం మీ జీతం ఆగిన నెలలో కూడా తేదీ తప్పకుండా వస్తుంది. ఇల్లు గడవడానికి ఎంత కావాలో లెక్క తీసేటప్పుడు బియ్యం, పాలు, అద్దె మాత్రమే రాస్తే సరిపోదు. పిల్లల స్కూలు ఫీజు జూన్‌లో, బీమా ప్రీమియం ఏడాదికోసారి, బండి రిపేరు, ఊళ్లో పెళ్లిళ్లకు పెట్టుపోతలు కూడా రాయాలి. ఏడాది మొత్తం ఖర్చు తీసి 12తో భాగిస్తే వచ్చేదే అసలు నెల ఖర్చు. అది మామూలుగా మనం అనుకున్నదానికన్నా బాగా ఎక్కువే ఉంటుంది. దాన్ని 24తో గుణించి, కాలేజీ ఫీజు కలిపి, ఇంట్లో ఇంకొకరి సంపాదన ఉంటే తీసేయండి. మిగిలిన మొత్తం బ్యాంకులో ఉన్న రోజే రాజీనామా గురించి ఆలోచించే రోజు.

నాలుగోది పేరు. మన తెలుగువాళ్లకు ఇది ప్రత్యేకమైన తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొట్టి అక్షరంగా ఉంటుంది. పాన్ కార్డులో పూర్తిగా, అదీ పేరు చివర ఉంటుంది. ఆధార్‌లో మరోలా, పీఎఫ్ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) రికార్డులో కంపెనీ టైపు చేసినట్టు ఉంటుంది. పుట్టిన తేదీ తేడా ఉంటే మరీ కష్టం. ఉద్యోగ దరఖాస్తులకు పదో తరగతి మెమోనే ఆధారం కాబట్టి మిగతావన్నీ దానికి సరిపోయేలా దిద్దుకోవాలి. యూఏఎన్‌లో మార్పుకి కొన్ని సందర్భాల్లో కంపెనీతో కలిసి జాయింట్ డిక్లరేషన్ పెట్టాల్సి వస్తుంది. కంపెనీలో మన మాట వినేవాళ్లు ఉండగానే అది అయిపోవాలి.

పీఎఫ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. మూల వేతనం, డీఏ కలిపిన మొత్తంలో 12 శాతం మన వాటా. కంపెనీ వేసే 12లో 8.33 శాతం పెన్షన్ పథకానికి, 3.67 శాతం పీఎఫ్‌కి వెళ్తుంది. పెన్షన్‌కి లెక్కించే జీతానికి 15,000 పరిమితి ఉంది కాబట్టి సాధారణంగా నెలకు 1,250కి మించి అందులో పడదు. అయిదేళ్ల నిరంతర సర్వీసు లేకుండా పీఎఫ్ తీస్తే పన్ను పడుతుంది. పాత కంపెనీల పీఎఫ్‌ని ప్రస్తుత ఖాతాకు బదిలీ చేసుకుని ఉంటే ఆ సర్వీసు కూడా కలుస్తుంది. మందుల కంపెనీల్లో రెండు మూడేళ్లకోసారి మారడం మామూలు, బదిలీ చేయని పాత ఖాతాలు చాలామందికి ఉంటాయి. మానేసే ముందే అన్నీ ఒక్కచోటకు తెచ్చుకోండి. పెన్షన్ పథకంలో పదేళ్లు నిండితే 58 ఏళ్లకు పెన్షన్ వస్తుంది. అంతకు కాస్త తక్కువగా ఉంటే ఫారం 10సీతో స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని ఆ సర్వీసును నిలబెట్టుకోవచ్చు. తర్వాత ప్రైవేటు బడిలో పీఎఫ్ ఉంటే ఆ ఏళ్లు కలుస్తాయి.

పీఎఫ్ మొత్తాన్నీ బతుకు ఖర్చు ఖాతాలో వేసుకోకండి. 2025 అక్టోబరు 13న పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ ట్రస్టీల బోర్డు నిబంధనలు సవరించాలని నిర్ణయించింది. ఆ నిర్ణయం ప్రకారం ఉద్యోగం పోయిన వెంటనే 75 శాతం తీసుకోవచ్చు. మిగతాది తీసి ఖాతా మూయడానికి గడువు 2 నెలల నుంచి 12 నెలలకు, పెన్షన్ సొమ్ముకైతే 36 నెలలకు పెరుగుతుంది. నేనైతే ఆ సొమ్ము ముట్టుకోవద్దనే చెబుతాను. ఖాతాలో ఉంచితే వడ్డీ పడుతూనే ఉంటుంది, కాకపోతే ఉద్యోగం మానాక వచ్చే వడ్డీకి పన్ను కట్టాలి. మానేసిన తేదీని కంపెనీ నమోదు చేయకపోతే, ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత మెంబర్ పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో మనమే వేసుకోవచ్చు. ఆ తేదీ రిలీవింగ్ లెటర్‌లో ఉన్నదే అయి ఉండాలి.

గ్రాట్యుటీకి అయిదేళ్ల సర్వీసు కావాలి. ఆఖరి మూల వేతనం, డీఏ కలిపి 15తో గుణించి 26తో భాగిస్తే ఒక ఏడాదికి వచ్చే మొత్తం తేలుతుంది. 26,000 ఉంటే ఏడాదికి 15,000. ఏడేళ్లకు 1,05,000. ఆఖరి ఏడాదిలో ఆరు నెలలు దాటితే పూర్తి ఏడాదిగా లెక్క. నాలుగున్నరేళ్ల దగ్గర ఉన్నవాళ్లు ఇంకాస్త ఓపిక పట్టడం మేలు.

రెప్‌లకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. మానేసేటప్పుడు కంపెనీ చివరిగా లెక్క తేల్చే ఫుల్ అండ్ ఫైనల్‌లో ఎక్కువ కోత పడేది శాంపిళ్లు, ట్యాబ్, స్టాకిస్టు లెక్కల దగ్గర. చేతిలో మిగిలిన శాంపిళ్లకు బ్యాచ్ నంబర్లతో జాబితా రాసి, తిరిగి ఇచ్చినట్టు మేనేజర్ సంతకం తీసుకోండి. స్టాకిస్టుల దగ్గర పెండింగ్‌లో ఉన్న ఎక్స్‌పైరీ క్లెయిముల వివరాలు మెయిల్‌లో పంపి ఉంచండి. మనం వెళ్లాక వచ్చే తగాదాలన్నీ వెళ్లిపోయినవాడి మీదకే తోస్తారు. క్వార్టర్ ఇన్సెంటివ్ మరో సంగతి. చాలా కంపెనీల్లో అది చెల్లించే రోజున రోల్స్‌లో ఉన్నవాళ్లకే వస్తుంది. మంచి రోజు చూసుకుని రాజీనామా చేయడంలో తప్పు లేదు, నేనూ పంచాంగం చూశాను. ఇన్సెంటివ్ ఖాతాలో పడ్డాక వచ్చే మంచి రోజు చూసుకోండి.

రాజీనామా, కౌన్సెలింగ్ తేదీల ముడి అన్నిటికన్నా బిగువైనది. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రెండు రాష్ట్రాల్లోనూ మామూలుగా వేసవి చివర్లో జరుగుతుంది. 150 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పు జవాబుకి మార్కు పోదు. ఉద్యోగం చేస్తూ రెండు మూడు నెలలు రోజూ పొద్దున ఒక గంట చదివితే రాయగలిగే పరీక్షే. ఆంధ్రా ఎడ్‌సెట్‌లో 100 మార్కులు మన సబ్జెక్టువే. తెలంగాణలో గణితం, సైన్సు, సోషల్ కలిపి 60, మిగతాది ఇంగ్లిషు, జీకే, కంప్యూటర్, బోధనాభిరుచి. ర్యాంకు వచ్చాక కౌన్సెలింగ్, సీటు అలాట్ అయ్యాక కాలేజీలో రిపోర్టు చేయడానికి ఇచ్చేది కొద్ది రోజులే. కంపెనీ నోటీసు పీరియడ్ మాత్రం నెల నుంచి మూడు నెలలు. సీటు ఖాయం కాకముందే రాజీనామా ఇస్తే భయం, అయ్యాక ఇస్తే గడువు చాలదు. ర్యాంకు చూసుకుని, పోయిన ఏడాది మన సబ్జెక్టులో, మన కేటగిరీలో ఏ ర్యాంకు దాకా ఏ కాలేజీలో సీటు వచ్చిందో కౌన్సెలింగ్ సైట్లో పరిశీలిస్తే సీటు వస్తుందా రాదా ముందే తెలిసిపోతుంది. వస్తుందని తేలితే కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టే ముందే రాజీనామా ఇవ్వవచ్చు. మిగిలిన సెలవులను నోటీసులో సర్దమని అడగండి. ఇంకా రోజులు మిగిలితే వాటికి జీతం కట్టి బయటపడవచ్చు. ఆ డబ్బును ముందే ఖర్చుల్లో రాసుకోండి.

ఉద్యోగం వదలకుండానే రెగ్యులర్ బీఈడీ చేయించేస్తామని, హాజరు తాము చూసుకుంటామని చెప్పేవాళ్లు ఉంటారు. ఆ మాట నమ్మకండి. ఉపాధ్యాయ విద్యను నియంత్రించే ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం తరగతులకు 80 శాతం, బడిలో ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు ఉండాలి. ఏడాదికి 200 పనిదినాలు. మీ పీఎఫ్ ఖాతాలో ఆ నెలలన్నింటికీ వేరే ఊళ్లో జీతం పడినట్టు రికార్డు ఉంటుంది. రేపు సర్టిఫికెట్ల పరిశీలనలో ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆ రెండు కాగితాలను ఒకచోట పెట్టడం నిమిషం పని. దూరవిద్య బీఈడీ అందరికీ కాదు, ఇప్పటికే ఉపాధ్యాయ శిక్షణ పొందినవాళ్లకే. పైగా అలా తెచ్చుకున్న డిగ్రీతో పిల్లల ముందు ఏం నిలబడతాం? ఈ కోర్సులో నేర్చుకోవాల్సింది నిజంగానే ఉంది.

మొదటి ఏడాదిలో సూక్ష్మ బోధన ఉంటుంది. ఒక్క నైపుణ్యం తీసుకోవాలి, ప్రశ్నించడమో, నల్లబల్ల వాడకమో. తోటివిద్యార్థులు అయిదు నుంచి పదిమంది పిల్లల్లా కూర్చుంటారు. 6 నిమిషాలు బోధన, 6 నిమిషాలు లోపాల చర్చ, 12 నిమిషాలు పాఠం మళ్లీ రాసుకోవడం, 6 నిమిషాలు మళ్లీ బోధన, 6 నిమిషాలు మళ్లీ చర్చ. మొత్తం 36 నిమిషాలు. రెప్‌గా పనిచేసినవాళ్లకు ఇక్కడ ఒక అలవాటు అడ్డొస్తుంది. డాక్టరు ఇచ్చే రెండు నిమిషాల్లో మూడు బ్రాండ్లు చెప్పేయాలి కాబట్టి మన మాట వేగం పెరిగిపోయి ఉంటుంది. అడిగిన ప్రశ్నకు మనమే జవాబు చెప్పేస్తాం. క్లాసులో ప్రశ్న వేశాక కనీసం మూడు సెకన్లు ఆగాలి. చెప్పడానికి తేలిక, ఆగడం చాలా కష్టం. ఆగితే వెనక బెంచీ నుంచి కూడా చేయి లేస్తుంది. ఫీల్డులో నేర్చుకున్నదాంట్లో పనికొచ్చేవీ ఉన్నాయి. నలభై మంది పేర్లు వారంలో గుర్తుపెట్టుకోవడం, విసుక్కున్న మనిషి దగ్గరికి మర్నాడు మళ్లీ నవ్వుతూ వెళ్లడం మనకు కొత్త కాదు.

రెండో ఏడాది 16 వారాల ఇంటర్న్‌షిప్. ఏదైనా ఒక్క పాఠం సరిగ్గా చెప్పడానికి ఎంత తయారీ కావాలో అక్కడ తెలుస్తుంది. ఉల్లిపొరలో కణాలు చూపించే పాఠమే తీసుకోండి. 45 నిమిషాల పీరియడు, నలభై మంది పిల్లలు, ఒక మైక్రోస్కోపు. ఒక్కొక్కరికి ఒక నిమిషం ఇచ్చినా 40 నిమిషాలు దానికే పోతాయి. ఉల్లిగడ్డ కండగల రేకు లోపలివైపు నుంచి పొరను చిమటాతో తీసి వెంటనే వాచ్‌గ్లాసు నీళ్లలో వేయాలి. గాలికి ఆరితే ముడుచుకుపోతుంది. చిన్న ముక్క కోసి స్లైడు మీద నీటిబొట్టులో మడత పడకుండా పరిచి, ఒక చుక్క శాఫ్రనిన్ వేయాలి. రంగు ఎక్కువైతే అంతా ఎర్రటి మచ్చలాగే కనిపిస్తుంది, మిగిలిన రంగును అద్దుడు కాగితంతో పీల్చేయాలి. కవర్‌స్లిప్‌ను ఒక అంచు ఆనించి, సూదితో పట్టుకుని 45 డిగ్రీల వాలుగా మెల్లగా దించాలి. ఒక్కసారిగా వదిలితే గాలిబుడగలు చిక్కుకుంటాయి. నల్లటి అంచుతో గుండ్రంగా ఉండే ఆ బుడగల్నే పిల్లలు కేంద్రకమనుకుని నోటుబుక్కులో గీస్తారు. అందుకని ఒక స్లైడు పీరియడుకు ముందే సిద్ధంగా పెట్టుకోవాలి. పిల్లల చేత ఆరు గుంపులుగా స్లైడ్లు చేయించాలి. మైక్రోస్కోపు దగ్గరికి గుంపు గుంపుగా పిలుస్తూ, మిగతా గుంపులకు బల్ల మీద బొమ్మ ఇచ్చి భాగాలు రాయించాలి. పాఠ్య పథకంలో ఈ నిమిషాల లెక్క రాయకపోతే పీరియడు గంట కొట్టేసరికి సగం మంది చూడకుండానే మిగిలిపోతారు.

కణం గోడలు మొదటిసారి కళ్లారా చూసిన పిల్ల "సార్, ఇటుకల్లాగా ఉన్నాయి సార్" అని అరుస్తుంది. జీతం తక్కువని తెలిసీ ఈ దారిలోకి రావడానికి కారణం ఆ కేకే.

డీఎస్సీకి ముందు పాసవ్వాల్సిన ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌కి బీఈడీ చివర్లోనే తయారవ్వాలి. 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు. మనం రాసే పేపర్ 2లో శిశు వికాసం 30, తెలుగు 30, ఇంగ్లిషు 30, గణితం-సైన్సు 60. జీవశాస్త్రం వాళ్లు ఈ 60ని జాగ్రత్తగా చూడాలి. అందులో 30 గణితమే. మిగిలిన 30లో భౌతికశాస్త్రం 12, జీవశాస్త్రం 12, బోధనా పద్ధతులు 6. అంటే మన సొంత సబ్జెక్టు నుంచి వచ్చేవి 12 ప్రశ్నలే! ఇంటర్ నుంచి లెక్కలు వదిలేసినవాళ్లు ఆరు నుంచి పది తరగతుల గణితం పుస్తకాలు మొదటి పేజీ నుంచి చేసుకుంటూ పోవడం తప్ప దగ్గరిదారి లేదు. గైడులు కాదు, ఎస్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు, ఉదాహరణ లెక్కలతో సహా. ఉత్తీర్ణతకు ఓసీలు 90, బీసీలు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులు 60 మార్కులు తెచ్చుకోవాలి. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది.

పాసైతే చాలనుకోకండి. టెట్ మార్కులకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ. 105 వస్తే 14 మార్కులు, 120 వస్తే 16. డీఎస్సీలో ఒక్కో ప్రశ్నకు అర మార్కు కాబట్టి ఆ రెండు మార్కుల తేడా నాలుగు ప్రశ్నలతో సమానం. జిల్లాలో మన సబ్జెక్టుకు ఉన్న కొద్ది పోస్టుల దగ్గర అర మార్కులో ర్యాంకులు తారుమారవుతాయి. మార్కులు పెంచుకోవడానికి టెట్ మళ్లీ రాయవచ్చు, రాయాలి కూడా.

డీఎస్సీ స్కూల్ అసిస్టెంట్ పేపరు 80 మార్కులకు 160 ప్రశ్నలు. తెలంగాణలో జీకే 10 మార్కులు, విద్యా దృక్పథాలు 10, కంటెంట్ 44, మెథడాలజీ 16. ఆంధ్రాలో జీకే 10, దృక్పథాలు 5, విద్యా మనోవిజ్ఞానం 5, కంటెంట్ 40, మెథడాలజీ 20. కంటెంట్ అందరూ చదువుతారు. తేడా వచ్చేది మెథడాలజీలో, దృక్పథాల్లో. ముదలియార్ కమిషన్ 1952-53, కొఠారి కమిషన్ 1964-66, విద్యాహక్కు చట్టం 2009, జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005, జాతీయ విద్యావిధానం 2020: వీటి సిఫారసులు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఒకే పట్టికలో రాసుకుని చదవాలి. మెథడాలజీకి బీఈడీలో రాసిన రికార్డులే మంచి పుస్తకం. ఇంకొకరి దగ్గర కాపీ కొట్టి రాసిన రికార్డు ఈ రోజున అక్కరకు రాదు.

ప్రైవేటు బడిలో చెబుతూ చదివే ఆ మధ్యకాలం గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. జీతం పాత ఉద్యోగంలో సగం కూడా ఉండకపోవచ్చు. రోజుకు ఆరేడు పీరియడ్లు, పేపర్లు దిద్దడం, స్పెషల్ క్లాసులు. సాయంత్రానికి గొంతు ఉండదు. అందుకే చదువు తెల్లవారుజామున పెట్టుకోవాలి. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమని కొన్ని యాజమాన్యాలు అడుగుతాయి. చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ మాత్రం ఇవ్వకండి. డీఎస్సీ సర్టిఫికెట్ల పరిశీలనకు పిలుపు వచ్చిన రోజున వాటి కోసం బతిమాలుకోవాల్సిన పరిస్థితి రాకూడదు.

నమ్మకం సన్నగిల్లేది కూడా ఈ కాలంలోనే. పాత ఫీల్డు స్నేహితుడు ఏరియా మేనేజరై కారు కొన్న ఫొటో పెడతాడు. మామగారు ఏమీ అనకపోయినా ఆయన మౌనం వినిపిస్తుంది. ఇలాంటప్పుడు నాకు పనికొచ్చింది రెండు వైపులా రాసుకున్న ఆ కాగితమే. నోటిఫికేషన్ ఎప్పుడని ఎవరు అడిగినా "అది స్వామి చూసుకుంటాడు, నేను ఈ వారం మొక్కల శరీరధర్మశాస్త్రం పూర్తి చేయాలి" అనేవాణ్ని. నమ్మకం నుంచే ఆ మాట వచ్చింది. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే నోటిఫికేషన్ పుకార్లకు దూరంగా ఉండండి. ఒక్కో పుకారు రెండు రోజుల చదువు తినేస్తుంది. ఇంట్లో ఆడవాళ్లకు, పెద్దవాళ్లకు లెక్కల పుస్తకం తెరిచి చూపించండి, పొదుపు ఎన్ని నెలలకు వస్తుందో వాళ్లకూ తెలియాలి. అప్పుడు మన ఆశ వాళ్లది కూడా అవుతుంది.

సర్టిఫికెట్ల ఫైలు నోటిఫికేషన్‌కి ముందే తయారుగా ఉండాలి. తెలంగాణలో స్థానికతకు ఒకటి నుంచి ఏడు తరగతుల స్టడీ సర్టిఫికెట్లు కావాలి, జిల్లా పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. ఆంధ్రాలో నాలుగు నుంచి పది తరగతులవి. మనం చదివిన చిన్న ప్రైవేటు బడి మూతపడి ఉంటే ఆ రికార్డులు ఏ బడికి, ఏ కార్యాలయానికి చేరాయో మండల విద్యాధికారి దగ్గర ఆరా తీయాలి. దీనికి వారాలు పడుతుంది, ఫలితాలు వచ్చాక మొదలుపెడితే అందదు. ఈడబ్ల్యూఎస్ (వేరే రిజర్వేషన్ లేని, ఆర్థికంగా వెనకబడినవాళ్ల) సర్టిఫికెట్‌కి అంతకుముందు ఆర్థిక సంవత్సరపు కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. అది ఆ ఏడాదికే పనికొస్తుంది కాబట్టి తేదీ చూసుకోవాలి. పాత కంపెనీ రిలీవింగ్ లెటర్, సర్వీసు సర్టిఫికెట్ కూడా ఇదే ఫైల్లో ఉంచండి.

ఉద్యోగంలో చేరాక మొదటి జీతం వెంటనే పడుతుందని లెక్కవేసుకోకండి. సర్వీసు రిజిస్టరు తెరవాలి, ట్రెజరీ ఐడీ రావాలి, సీపీఎస్‌కి (చందా కట్టే పెన్షన్ పథకం) ప్రాన్ అనే ఖాతా నంబరు తీసుకోవాలి. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్లందరికీ పాత పెన్షన్ లేదు, ఈ సీపీఎస్సే. అందుకే పైన చెప్పిన స్కీమ్ సర్టిఫికెట్‌కి అంత విలువ. వీటిలో ఏ ఒక్కటి ఆగినా బిల్లు వచ్చే నెలకు పోతుంది. పోస్టింగు పల్లెటూళ్లో వస్తే అక్కడ అద్దె, అడ్వాన్సు, రానుపోను బస్సు ఖర్చులు మొదటి రోజు నుంచే మొదలవుతాయి. చేరే ఉత్తర్వు చేతికి అందే రోజుకు కనీసం రెండు మూడు నెలల ఇంటి ఖర్చు ఖాతాలో మిగిలి ఉండేలా చూసుకోండి.